తాగుడు మాన్పించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు – దవాఖాన, గూడెం ఒక్క జట్టు కావాలి!

జైనూర్ మండల ప్రజలకు పిలుపు


గూడెం పటేళ్లకు, దేవారులకు, రాయి సెంటర్ సార్‌మేడీలకు, మహిళా సంఘాల అక్కలకు, ఆశా కార్యకర్తలకు, నర్సమ్మలకు, డాక్టర్లకు, టీచర్లకు – అందరికీ ఈ పిలుపు!

తాగుడుతో కుమిలే ఇల్లు ఏ గూడెంలో లేదో చెప్పండి. పత్తి అమ్మిన పైసలు ఇంటికి చేరకముందే బెల్టు షాపులో కరిగిపోతున్నాయి. షావుకారు దగ్గర తెచ్చిన అప్పు తీరకుండానే కొత్త అప్పు పుడుతోంది. మహారాష్ట్ర నుంచి దేశీదారు వస్తోంది. పత్తి సాళ్ల మధ్య గంజాయి మొక్క పెంచమని ఆశ చూపే దళారులు వస్తున్నారు. పండించినవాడు జైలుకు పోతున్నాడు, పీల్చిన పిల్లగాడు చదువు మానేస్తున్నాడు. ఏడ్చేది మాత్రం ఇంటి ఆడబిడ్డ.

ఒక మాట ముందే చెప్పాలి. ఇప్పచెట్టు మనకు పూజనీయం. దేవతలకు, పెద్దలకు ఇప్పసారా ధార పోయడం మన ఆచారం. ఈ కరపత్రం ఆ ఆచారం మీద పోరాటం కాదు. దేవుడి ముందు పోసే ధార వేరు, పొద్దున లేవగానే చేతులు వణికి, క్వార్టర్ సీసా పడితే తప్ప పనికి పోలేని స్థితి వేరు. ఆ రెండో స్థితిలో ఉన్న మనిషిని కాపాడుకోవడం గురించే మేం మాట్లాడుతున్నాం.

తాగుడు రోగం – సిగ్గుపడే తప్పు కాదు

"వాడికి బుద్ధి లేదు, మనసు గట్టిది కాదు" అంటాం. అది నిజం కాదు. ఏళ్ల తరబడి మందు పడితే మెదడు పనితీరే మారిపోతుంది. మానాలని మనసులో ఉన్నా ఒళ్లు మాననివ్వదు. అందుకే 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా చికిత్స పొందే హక్కు ఉన్న జబ్బుల్లో చేర్చింది. ఆ రోగిని గొలుసులతో కట్టేయడాన్ని అదే చట్టం నిషేధించింది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు దేశమంతా సర్వే చేసి 2019లో లెక్కలు బయటపెట్టారు. దేశంలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి తాగుడు వల్ల వచ్చిన కష్టాలకు సాయం అవసరం. కానీ మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. దవాఖానలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. పట్నాలతో కలిపితేనే లెక్క ఇలా ఉంది. వాన పడితే వాగు దాటలేని మన గూడేల సంగతి వేరే చెప్పాలా?

సగం పని ఎందుకు చెడుతోంది?

మన దగ్గర రెండు దారులు నడుస్తున్నాయి. రెండూ మంచి మనసుతో నడిచేవే. కానీ ఒకదానితో ఒకటి కలవడం లేదు.

మొదటి దారి దవాఖానది. ఫిట్స్ వచ్చాయనో, కడుపు ఉబ్బిందనో మనిషిని తీసుకుపోతారు. డాక్టరు ప్రాణం నిలబెడతాడు. నాలుగైదు రోజులకు ఒళ్లు తేరుకుంటుంది, చీటీ రాసి పంపిస్తారు. ఇంటికొస్తే అదే అప్పు, అదే బెల్టు షాపు, అదే దోస్తులు. ఇచ్చిన గోలీలు అయిపోతాయి. మళ్లీ తెచ్చుకోవాలంటే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ కావాలి. అతను ఇంటికొచ్చాడని ఆశమ్మకు తెలియదు, సంఘం అక్కలకు తెలియదు. నెల తిరక్కుండా మళ్లీ సీసా పడతాడు. "మేం చేయాల్సింది చేశాం" అంటుంది దవాఖాన.

రెండో దారి గూడెంది. సంఘం అక్కలు, పెద్దలు కూర్చోబెట్టి దేవుడి మీద ఒట్టు వేయిస్తారు. అతను నిజాయితీగానే ఒక్కసారిగా మానేస్తాడు. మరునాటికి చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండో రోజో మూడో రోజో లేనివి కనబడతాయి, ఉలిక్కిపడి అరుస్తాడు, ఇంటివాళ్లను గుర్తుపట్టడు. గాలి సోకిందనుకుంటారు. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైపోతుంది. "ఒట్టు వేయించినా మారలేదు" అంటుంది గూడెం.

దవాఖానకు ఇల్లు తెలియదు. గూడేనికి వైద్యం తెలియదు. ఈ రెండిటి మధ్య ఉన్న సందులో మనిషి జారిపోతున్నాడు. ఆ సందు పూడ్చడమే మన పని.

2015లో మన రాష్ట్రమే ఈ పాఠం నేర్చుకుంది. కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతున్నారని ఎక్సైజ్ శాఖ దాడులు పెంచింది. కల్తీ ఆపడం సరైన పనే. కానీ ఏళ్ల తరబడి ఆ కల్లుకు అలవాటుపడ్డవాళ్లకు అది ఒక్కసారిగా దొరక్కుండా పోయింది. మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, పిచ్చిగా ప్రవర్తిస్తూ దవాఖానలకు వరుస కట్టారు. ప్రాణాలు పోయాయి. దుకాణం మీద దాడి చేసే ముందే డాక్టర్లను, ఊరి కార్యకర్తలను సిద్ధం చేసి ఉంటే ఎన్నో ఇళ్లకు ఆ గోస తప్పేది.

అంతకు చాలా ఏళ్ల ముందు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. వాళ్ల పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ అక్కలు చూపిన ధైర్యం మనకు ఎప్పటికీ దారి చూపుతుంది. అయితే దుకాణం మూయించడం పనిలో ఒక భాగం మాత్రమే. ఒంట్లో పట్టుకున్న మందును వదిలించడం, వదిలినవాణ్ణి నిలబెట్టడం ఇంకో భాగం. దానికి డాక్టరూ కావాలి, మనమూ కావాలి.

ఎవరి చేతిలో ఏముంది?

ఒంటెద్దుతో అరక సాగదు. ఈ పనిలో ఎవరి బలం ఏమిటో తెలుసుకుంటే చాలు, కలిసి నడవడం కష్టం కాదు.

డాక్టరు: మానేసిన మొదటి వారం అతి ప్రమాదమైనది. వణుకు, ఫిట్స్, మతిభ్రమ రాకుండా కాపాడే మందు ఎంత ఇవ్వాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టరే చెప్పాలి. తాగుబోతుల ఒంట్లో బి1 విటమిన్ తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. కాలేయం, క్షయ, మనసులోని దిగులు – వీటినీ ఆయనే చూడాలి. తర్వాతి నెలల్లో తాగాలనే కోరికను తగ్గించే మందులు కూడా ఉన్నాయి.

నర్సమ్మ, ఏఎన్ఎం, ఆశ: గోలీ నోట్లో పడుతోందా, నిద్ర పడుతోందా, అన్నం తింటున్నాడా, కళ్లు పచ్చబడ్డాయా – ఇవి చూసేది వీళ్లే. క్షయ రోగిని ఆరు నెలలు విడవకుండా మందు మింగించిన అనుభవం మన ఆశా అక్కలకు ఉంది. ఆ ఓర్పే ఇక్కడా కావాలి.

సామాజిక కార్యకర్త, కౌన్సెలర్: తాగుడు వెనకున్న గోస వినేది వీళ్లు. అప్పు ఎంత? పోడు పట్టా గొడవ ఉందా? బిడ్డ చనిపోయిన దుఃఖం ఉందా? భార్యను కొడుతున్నాడా? ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, పింఛను, పిల్లలకు ఆశ్రమ పాఠశాలలో సీటు – వీటిలో ఏది ఆగినా మనిషి మళ్లీ సీసా వైపే పోతాడు. ఆఫీసుల చుట్టూ తిరిగి వాటిని నిలబెట్టేది సామాజిక కార్యకర్తే.

గూడెం పెద్దలు, సంఘం అక్కలు: డాక్టరు మాట తెలుగులో ఉంటుంది, మన ముసలవ్వకు గోండీ, కొలామీ, లంబాడీ వస్తుంది. ఆ మాటను మన మాటలో చెప్పి నమ్మకం కలిగించేది మీరే. దండారి రోజుల్లో, జాతరలో, పెళ్లిలో మానేసినవాడికి గ్లాసు అందించకుండా చూసేదీ మీరే.

మానేసి నిలబడ్డవాళ్లు: "నేనూ నీలాగే ఉన్నాను, ఇప్పుడు ఇట్ల ఉన్నాను" అనే మాట ఏ డాక్టరూ చెప్పలేడు. వాళ్లను ముందుకు పిలవండి, గౌరవించండి.

ఇది కొత్త మాట కాదు, జరిగిన పని

చెన్నైకి చెందిన శాంతి రంగనాథన్ సోషల్ వర్క్ చదువుకున్న మనిషి. తాగుడు జబ్బుతో భర్తను పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంతోనే 1980లో టీటీ రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పేరిట చికిత్సా కేంద్రం పెట్టారు. డాక్టర్లు, నర్సులు, కౌన్సెలర్లు, కుటుంబాలు అక్కడ ఒకే జట్టుగా పనిచేశారు. 1989లో వాళ్లు తమిళనాడులోని మంజక్కుడి గ్రామానికి వెళ్లారు. రోగిని పట్నానికి రమ్మనకుండా, ఊళ్లోనే పదిహేను రోజుల శిబిరం పెట్టారు. తాగేవాళ్లను గుర్తించి తెచ్చింది ఊరివాళ్లు, ఒళ్లు చూసింది డాక్టర్లు, మనసు చూసింది కౌన్సెలర్లు. భార్యలకూ, ఇంటివాళ్లకూ విడిగా తరగతులు పెట్టారు. శిబిరం ముగిశాక కూడా మళ్లీ వచ్చి చూసుకున్నారు.

ప్రభుత్వ నియమాల్లోనూ ఇదే ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం జట్టులో మానసిక వైద్యుడితో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, నర్సు ఉండాలని రాసి ఉంది. కాబట్టి మేం అడుగుతున్నది దయ కాదు, రాసి ఉన్నదాన్ని మన మండలం దాకా నడిపించమని మాత్రమే.

మన నేలకూ ఈ పద్ధతి పరాయిది కాదు. 1943లో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ మన మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ శిక్షణ ఇప్పించాడు, గోండీలో వాచకాలు తయారుచేయించాడు. చదువు బయటి నుంచి వచ్చినా, చెప్పింది మన పిల్లలే కాబట్టి అది గూడెంలోకి వచ్చింది. 2003లో మన పవర్‌గూడ అక్కలు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో, ఐటీడీఏతో కలిసి కానుగ చెట్లు పెంచారు. గాలిలో చేరకుండా ఆపిన కార్బన్‌ను ప్రపంచ బ్యాంకుకే 645 డాలర్లకు అమ్మారు. శాస్త్రం తెలిసినవాళ్లు, ఊరు తెలిసినవాళ్లు కలిస్తే జైనూర్ మండలంలో ఏం జరుగుతుందో వాళ్లు చూపించారు. ఇప్పుడు తాగుడు మీద అదే పని చేద్దాం.

మా డిమాండ్లు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఐటీడీఏ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, జిల్లా కలెక్టర్ గార్ల ముందు మేం పెడుతున్నవి ఇవి:

1. ఒక్కొక్క రోగికి ఇద్దరు బాధ్యులు. చికిత్స మొదలైన రోజే ఒక ఆరోగ్య కార్యకర్త పేరు, ఒక సామాజిక కార్యకర్త పేరు చీటీ మీద రాయాలి. ఆ ఇద్దరి పేర్లు ఇంటివాళ్లకు తెలియాలి.

2. దవాఖాన నుంచి పంపే ముందే గూడేనికి కబురు. రోగి ఒప్పుకుంటే, ఏఎన్ఎంకు, ఆ సామాజిక కార్యకర్తకు ముందే ఫోను చేయాలి. ఇంటికొచ్చిన వారంలోపు ఇద్దరూ కలిసి ఇంటికి పోవాలి. మొదటి మూడు నెలలు జారిపడే ప్రమాదం ఎక్కువ, ఆ కాలమంతా విడవకుండా కలవాలి.

3. నెలకొకసారి ఒకే చోట కూర్చోవాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘం సమావేశంలో తాగుడు, గంజాయి విషయం తప్పకుండా ఉండాలి. డాక్టరు, ఆశ, అంగన్‌వాడీ టీచర్, మహిళా సంఘం, సార్‌మేడీ ఒకే చాప మీద కూర్చొని, ఎవరు నిలబడ్డారు, ఎవరు జారారు, ఎవరికి ఏ సాయం ఆగిందో మాట్లాడాలి. రోగి అనుమతి లేకుండా పేరు బయట పెట్టకూడదు. అది చట్టం ఇచ్చిన గోప్యత హక్కు.

4. మన భాషలో అడగాలి. తాగుడు ప్రమాద స్థాయికి చేరిందో లేదో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల పట్టిక ఉంది. దాన్ని గోండీ, కొలామీ, లంబాడీ, మరాఠీ మాటల్లోకి మార్చి ఆశా అక్కలకు శిక్షణ ఇవ్వాలి.

5. ఊళ్లోకే డాక్టర్ల జట్టు. మానసిక వైద్యుడు, సోషల్ వర్కర్ కలిసి తేదీ ముందే చెప్పి అంగడి రోజున జైనూర్‌కు రావాలి. పదిహేను రోజుల శిబిరం మన మండలంలోనే పెట్టాలి.

6. వానాకాలానికి ముందే మందు. వాగులు పొంగేలోపు మందులు సబ్‌సెంటర్లకు చేరాలి. పత్తి పైసలు చేతికొచ్చే నెలల్లో ఇళ్లకు వెళ్లి చూడటం పెంచాలి, ఎక్కువమంది జారేది అప్పుడే.

7. ఆడవాళ్లకు విడి చోటు. తాగుడుకు అలవాటుపడ్డ అక్కలు సిగ్గుతో దాక్కుంటున్నారు. వాళ్లకు ఆడ కౌన్సెలర్, విడి గది కావాలి. దెబ్బలు తింటున్న ఇల్లాలికి రక్షణ కూడా చికిత్సలో భాగం కావాలి.

గ్రామసభకు ఉన్న బలం

మనది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పానీయాల అమ్మకం, వాడకం మీద నిషేధం గానీ కట్టడి గానీ పెట్టే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. బెల్టు షాపు మీద తీర్మానం చేయండి. అదే తీర్మానంలో ఇంకో మాట కూడా రాయండి: "మా గూడెంలో తాగుడుకు అలవాటుపడ్డవాళ్లకు చికిత్స ఏర్పాటు చేయాలి." షాపు మూయించే తేదీ కంటే ముందే డాక్టరుకు కబురు పంపండి.

గంజాయి అలవాటైన తమ్ముళ్లు పోలీసు భయంతో దవాఖానకు రావడం లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. కొద్ది మొత్తం దగ్గర ఉండో, వాడకం వల్లో కేసులో పడ్డ వ్యసనపరుడు తానే ముందుకొచ్చి ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స పొందితే, ఆ కేసు నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ పోవచ్చు. పండించేవాళ్లకు, అమ్మేవాళ్లకు ఇది వర్తించదు. కాబట్టి దళారి మాట నమ్మి చేను పాడుచేసుకోవద్దు.

ఇంట్లో ఇవి గుర్తుంచుకోండి

- రోజూ బాగా తాగేవాళ్లను ఒక్కసారిగా మాన్పించవద్దు. ముందు డాక్టరుకు చూపించండి.
- మానిన తర్వాత ఫిట్స్, జ్వరం, లేనివి కనబడటం, మతి తప్పడం – వీటిలో ఏ ఒక్కటి వచ్చినా వెంటనే 108కు ఫోను చేయండి. రేపటిదాకా ఆగొద్దు.
- తాగుడు మాన్పించే మందని చెప్పి కూరలో, చాయ్‌లో తెలియకుండా కలపవద్దు. అలాంటి మందు వేసుకున్నవాడు తాగితే ప్రాణం మీదికి రావచ్చు. రోగికి తెలిసి, ఒప్పుకొని, డాక్టరు చెప్పినప్పుడే వాడాలి.
- కట్టేయవద్దు, కొట్టవద్దు. గుర్తింపు లేని కేంద్రాలకు పైసలు పోసి అప్పగించవద్దు.
- మళ్లీ జారిపడితే "ఇక వీడు మారడు" అనవద్దు. చక్కెర జబ్బు మళ్లీ పెరిగితే ఇంకోసారి డాక్టరు దగ్గరికి పోతాం కదా, ఇదీ అంతే. తెల్లారే ఆశమ్మకు చెప్పండి.

ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టండి

మత్తు అలవాటు మాన్పించే జాతీయ సహాయ నంబరు – 14446
మానసిక బాధకు టెలి మానస్ – 14416
ఆడవాళ్లకు సాయం – 181
అంబులెన్స్ – 108

మీ గూడెం నుంచి ఈ నెలే మొదలుపెట్టండి

డాక్టర్ గారూ, మీ దగ్గరికొచ్చిన తాగుడు రోగిని పంపేముందు ఆ గూడెం ఆశమ్మకు ఒక్క ఫోను చేయండి. సామాజిక కార్యకర్త తమ్ముడూ, నీ కేసు పుస్తకం తీసుకొని ఆరోగ్య కేంద్రానికి పోయి డాక్టరుతో కూర్చో. సంఘం అక్కలారా, ఒట్టు వేయించే ముందు నర్సమ్మను పిలవండి. సార్‌మేడీ గారూ, రాయి సెంటర్ సమావేశానికి ఈసారి డాక్టరును పిలిపించండి. టీచర్లారా, బడి మానేసిన పిల్లగాడి ఇంటికి ఒకసారి పోయి రండి. తాగే అన్నా, నీ కోసమే ఇంతమంది కదులుతున్నారు, ఒక్క అడుగు నువ్వు వెయ్యి.

ప్రతి గూడెంలో ఇద్దరిని ఎన్నుకోండి: ఒకరు ఆరోగ్యం వైపు నుంచి, ఒకరు సంఘం వైపు నుంచి. వాళ్ల పేర్లు గ్రామసభలో చదవండి. పై డిమాండ్ల మీద సంతకాలు, వేలిముద్రలు చేర్చి ఆరోగ్య కేంద్రంలో ఒక కాపీ, ఉట్నూర్ ఐటీడీఏలో ఒక కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

తాగుడు రోగం – చికిత్స హక్కు!
ఒక్కొక్క రోగికి ఇద్దరు బాధ్యులు కావాలి!
డాక్టరూ రావాలి – గూడెమూ కదలాలి!
జై జంగో! జై లింగో!

– తాగుడు, గంజాయితో నలిగిన కుటుంబాల తరఫున,
జైనూర్ మండల ఆరోగ్య, సామాజిక కార్యకర్తలు, మహిళా సంఘాల అక్కలు

(చదివినవారు చదవలేనివారికి చదివి వినిపించండి. మీ భాషలో చెప్పండి.)